సిగ్గుకి ఎన్ని మార్కులు?

పోయిన శనివారం మా పాప స్కూల్లో పేరెంట్స్ మీటింగ్. పాప ఐదో తరగతి. మార్కుల సంగతి పది నిమిషాల్లో తేలిపోయింది. లెక్కల్లో భిన్నాల దగ్గర తడబడుతోంది, తెలుగులో ఒత్తులు మింగేస్తోంది, మిగతావి ఫర్వాలేదు. ఆ తర్వాత టీచరమ్మ కార్డు తిప్పి వెనక పేజీ చూపించింది. ఈ ఏడాది కొత్తగా పెట్టారట. నిజాయితీ, దయ, పట్టుదల, ఆత్మవిశ్వాసం, నాయకత్వం అని వరసగా గళ్ళు, ఒక్కోదానికి ఐదేసి నక్షత్రాలు. పాపకి నిజాయితీలో నాలుగు, దయలో నాలుగు, ఆత్మవిశ్వాసంలో రెండు, నాయకత్వంలో రెండు.

"చాలా మంచి పిల్లండీ. కానీ ఓపెన్ అవ్వదు. స్టేజీ మీదకి పిలిస్తే వెళ్ళి స్తంభం వెనక నిలబడుతుంది. ఇంట్లో కొంచెం వర్క్ చేయించండి" అంది. నేను తలూపాను. నిజాయితీలో ఆ ఐదో నక్షత్రం ఎక్కడ పోయిందో అడగాలనిపించింది గానీ, వెనక ఇంకా ఇరవై మంది తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు.

మూసాపేటలో ఇంటికొచ్చేసరికి మా అన్న కొడుకు హాల్లో ల్యాప్‌టాప్‌లో రాజుల ఆట ఆడుతూ తల పట్టుకుని కూర్చున్నాడు. ఇంటర్ ఫస్టియర్, మా ఇంట్లోనే ఉండి చదువుకుంటున్నాడు. "అత్తమ్మా, అయిపోయింది. యువరాజు షై వచ్చాడు. వేస్ట్ క్యాండిడేట్" అన్నాడు స్క్రీన్ మీంచి కళ్ళు తియ్యకుండా. కార్డు ఇంకా నా చేతిలోనే ఉంది. పాప చెప్పులు విప్పుతోంది. విందో లేదో తెలీదు.

కోపం వచ్చింది. వాడి మీద కాదు, విచిత్రంగా కార్డు మీద. వారం రోజులు ఆలోచించాక నాకు తోచింది చెబుతాను: పిల్లల స్వభావం గురించి ఆ ఆటకి ఉన్న ఇంగితంలో సగం కూడా ఆ కార్డుకి లేదు.

ఆట క్రూసేడర్ కింగ్స్ 3. మధ్యయుగంలో ఒక రాజవంశాన్ని తరాల తరబడి మనమే నడిపించే కంప్యూటర్ ఆట. స్వీడన్‌లో పారడాక్స్ అనే కంపెనీ వాళ్ళు చేసింది. 2020 సెప్టెంబరు 1న వచ్చింది. లాక్‌డౌన్ తర్వాత ఇంటి నుంచే ఆఫీసు నడుస్తున్న రోజుల్లో నేను మొదలుపెట్టాను, వీడికి అంటించింది కూడా నేనే. కాబట్టి వదినా, ఇది చదువుతుంటే తిట్టాల్సింది నన్ను. ఇంకో చిన్న ముక్క. మన కొత్త జాతీయ విద్యా విధానం వచ్చింది అదే ఏడాది జూలై 29న. పిల్లల ప్రోగ్రెస్ కార్డు అన్ని వైపుల నుంచీ చూసి రాయాలి, టీచరుతో పాటు తోటి పిల్లలూ, పిల్లలు తమకు తామూ అంచనా వేసుకోవాలి అని అందులో ఉంది. ఉద్దేశం మంచిదే. అది స్కూలు దాకా దిగేసరికి ఐదు నక్షత్రాలైంది. నెల రోజుల తేడాతో పుట్టిన ఈ రెండూ ఒకే ప్రశ్నకి జవాబు చెప్పబోయాయి. ఒకటి కొంత దూరం వెళ్ళింది.

రెండు సామెతలు

"మొక్కై వంగనిది మానై వంగునా" అంటాం. అదే నోటితో, "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు" అని కూడా అంటాం. పెంచితే వస్తుందంటుంది మొదటిది, పుట్టుకతో వచ్చిందే తప్ప పెంపకం లేదంటుంది రెండోది. ఏ పిల్లవాడు ఏం చేసినా ఈ రెంటిలో ఒకటి సరిపోతుంది కాబట్టి మన పెద్దవాళ్ళకి ఎప్పుడూ ఇబ్బంది కలగలేదు.

ఆట రెండు సామెతలనూ పక్కపక్కన పెట్టుకుని నడుపుతుంది. పుట్టుకతో వచ్చేవి కొన్ని: జీనియస్, ఇంటెలిజెంట్, క్విక్, వాటికి అటువైపు మందబుద్ధులు. మూడేళ్ళకి బాల్య లక్షణం ఒకటి తేలుతుంది. అల్లరి, ఆకర్షణ, కుతూహలం, ఆలోచన, పెత్తనం, ఈ ఐదింటిలో ఒకటి. ఆరో ఏట చదువు మొదలు. దౌత్యం, యుద్ధం, ఆర్థిక నిర్వహణ, కుట్ర, విద్య, వీటిలో ఒక దారి మనం పెడతాం, ఒక గార్డియన్‌కి అప్పగిస్తాం. ఆ గార్డియన్‌కి ఆ విద్యలో ఎంత పట్టుందో, పిల్లవాడి బాల్య లక్షణం ఆ దారికి కలుస్తుందో లేదో, పుట్టు తెలివి ఎంతో, అన్నీ కలిసి పదహారో ఏట ఫలితం వస్తుంది. మామూలుగా ఒకటి నుంచి నాలుగు మెట్లు. ఆర్థిక విద్యలో అడుగు మెట్టుకి ఇండల్జెంట్ వేస్ట్రెల్ అని పేరు, అంటే తిని తిరిగి తగలేసేవాడు. పై మెట్టు మైడాస్ టచ్‌డ్, పట్టిందల్లా బంగారం. ఆ తగలేసేవాడికి కూడా ఆట రెండు పాయింట్లు ఇస్తుంది. నాకు చాలా నచ్చిన సంగతి ఇది. పదేళ్ళు ఎవరో ఒకరి దగ్గర కూర్చున్నాడు కదా, ఏదో ఒకటి ఎక్కే ఉంటుంది.

ఇక్కడ ఒకటి పట్టుకోవాలి. ఈ మెట్లు చదువువి. స్వభావం వేరే ఖాతా. ధైర్యం, పిరికితనం, దయ, కాఠిన్యం, సిగ్గు, కలుపుగోలుతనం, లోభం, దాతృత్వం, కోపం, శాంతం... బాల్యంలో ఒక్కొక్కటిగా మూడు దాకా వచ్చి చేరతాయి. మన అరిషడ్వర్గాల్లో కామం, క్రోధం, లోభం, మదం అక్కడ నేరుగా ఉన్నాయి. మాత్సర్యం మాత్రం ఈ ఆటలో లేదు, దీని ముందు వచ్చిన రెండో భాగంలో ఉండేది. అసూయ లేని రాజవంశాలేమిటో మరి! ఏ మతానికి ఆ మతం, వీటిలో కొన్నిటిని పుణ్యమనీ కొన్నిటిని పాపమనీ గుర్తుపెట్టుకుంటుంది. కానీ ఏ స్వభావానికీ నక్షత్రాలుండవు. దయ ఉంటే ఉంది, లేకపోతే లేదు. "దయ, ఐదుకి నాలుగు" అనేది ఆ ఆటలో కుదరదు.

ఎంత పడుతుంది?

మరి మార్కు లేకపోతే స్వభావం ఎక్కడ కనబడుతుంది? పాయింట్లలో కొంత కనబడుతుంది, నిజమే. సిగ్గుంటే దౌత్యం రెండు తగ్గుతుంది, విద్య ఒకటి పెరుగుతుంది. అది చిన్న సంగతి. అసలుది స్ట్రెస్. ఈ ఆటలో మనిషి తన స్వభావానికి ఎదురుగా ఏ పనైనా చెయ్యగలడు. లోభి దానం చెయ్యగలడు, సిగ్గరి విందు పెట్టగలడు, దయగలవాడు తల తీయించగలడు. ఎవరూ ఆపరు. కాకపోతే ధర పడుతుంది. ఆ ధర ముందే తెలుస్తుంది కూడా. బటన్ మీద మౌస్ పెట్టగానే, ఇది చేస్తే నీ మనిషికి ఒత్తిడి ఇంత పెరుగుతుందని చీటీ చూపిస్తుంది. కూరగాయల బండి దగ్గర అడిగినట్టు ఎంత పడుతుందో చూసుకుని నొక్కడమే.

నా ఆటలో ఒక రాజు ఉండేవాడు. దయగలవాడు, నిజం చెప్పేవాడు. ఒక సామంతుడు రెండుసార్లు తిరగబడితే రెండుసార్లూ వదిలేశాడు, అంటే నేనే వదిలేశాను. మూడోసారి పట్టుబడ్డాక ఇక లాభం లేదని తల తీయించాను. రాజ్యం సర్దుకుంది. రాజు సర్దుకోలేదు. ఒత్తిడి వంద దాటితే మనిషి లోపల ఏదో విరుగుతుంది, ఎలా తట్టుకుంటావని ఆట అడుగుతుంది. నాకు దొరికిన దారుల్లో తాగుడు కాస్త నయంగా కనబడింది. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ వాడు తాగుబోతే. చేసింది ఒక్క పని. అది రాజ్యానికి మంచిదే కూడా.

అతని కూతుర్ని నేనే దగ్గరుండి పెంచాను. గార్డియన్ మనమే అయితే, పిల్ల స్వభావం ఒక వైపు మొగ్గే ఘట్టం వచ్చినప్పుడు మనం చెయ్యి పెట్టొచ్చు. తన దారిన పోనివ్వొచ్చు, పట్టి ఇంకో వైపు తిప్పొచ్చు. తిప్పితే కొన్నిసార్లు ఒత్తిడి పెంచేవాడికి పడుతుంది. ఈ చిన్న నిబంధన రాసినవాడెవడో వాడికి పిల్లలు ఉండి ఉంటారు. తండ్రి పడ్డ పాట్లు చూశాను కదా అని, దయ వైపు మొగ్గుతున్న పిల్లని కాఠిన్యం వైపు తిప్పాను. రాజుకి మళ్ళీ ఒత్తిడి, మళ్ళీ సీసా. కూతురు రాణి అయ్యాక అందరి తలలూ నిద్ర చెడకుండా తీయించింది. నలభై ఏళ్ళు ఏలింది. నా ఆటలన్నిటిలో అంత నెమ్మదిగా నడిచిన పాలన ఇంకోటి లేదు.

అది గెలుపా? ఆటగా అయితే గెలుపే. ల్యాప్‌టాప్ మూసేసి పాపకి జడ వేస్తున్నప్పుడు మాత్రం ఆ రాణి గుర్తొచ్చి చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

చిక్కడపల్లిలో నా గార్డియన్

మధ్యయుగపు యూరప్‌లో పిల్లల్ని వేరే ఇంటికి పంపి పెంచేవాళ్ళని మనం చదివి ఆశ్చర్యపోతాం. ఇంగ్లండులో గొప్ప యోధుడిగా పేరు పడ్డ విలియం మార్షల్‌ని కుర్రవాడిగా ఉండగానే నార్మండీలో బంధువు తాంకర్విల్ ప్రభువు దగ్గరికి పంపారు, అక్కడే కత్తి పట్టడం నేర్చుకున్నాడు. ఆశ్చర్యపోవడం దేనికో నాకు అర్థం కాదు. హైదరాబాదులో చుట్టాల ఇంట్లో ఉండి చదువుకోని వాళ్ళు మా తరంలో ఎంతమంది? 1996లో టెన్త్ అయ్యాక మా నాన్న నన్ను నకిరేకల్ నుంచి తెచ్చి చిక్కడపల్లిలో పెద్దమ్మ ఇంట్లో దింపాడు. త్యాగరాయ గానసభ దగ్గర సందులో రెండు గదుల వాటా. నా ట్రంకు పెట్టె, ఒక బియ్యం బస్తా, రెండు సీసాల పచ్చడి. గార్డియన్‌గా పెద్దమ్మకి ఏ విద్యలో ఎంత పట్టుందో ఎవరూ మౌస్ పెట్టి చూడలేదు.

పెద్దనాన్న అప్పటికి రెండు చిట్టీలు ఎత్తి, కట్టలేక తిరుగుతున్నాడు. సాయంత్రమైతే ఫోన్ మోగేది. పెద్దమ్మ వంటింట్లోంచి గరిటె ఊపేది, ఎత్తమని. ఎత్తి చెప్పాల్సింది ఒక్కటే: "పెద్దనాన్న ఊళ్ళో లేరండి." అది చెప్పే సమయానికి పెద్దనాన్న నాలుగడుగుల దూరంలో బనీనుతో కూర్చుని పేపరు చదువుతుండేవాడు. నేను చెప్పేదాన్ని. గొంతు పలచబడిపోయేది, చెవులు కాలేవి. ఆ రాత్రి అన్నం దిగేది కాదు. మా అక్క, అంటే పెద్దమ్మ కూతురు, అదే మాట చెబితే వినాలి. "అయ్యో, ఇప్పుడే బయల్దేరారండీ, వరంగల్‌లో పెళ్ళి, ఎల్లుండి గానీ రారు. ఎవరు ఫోన్ చేశారని చెప్పమంటారు?" ఫోన్ పెట్టేసి మళ్ళీ గోళ్ళరంగు వేసుకునేది.

ఇల్లొకటే, గార్డియన్ ఒకరే, అబద్ధం కూడా ఒకటే. ధర మాత్రం ఇద్దరికీ ఒకటి కాదు.

రెండు నెలలకో ఏమో, ఒక సాయంత్రం ఫోన్ మోగింది. నేను లేవబోతే పెద్దమ్మ గరిటె అడ్డం పెట్టి, "నువ్వు ఎత్తకు లేవే" అంది. ఇంకేం అనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ నాతో ఎత్తించలేదు. మంచి గార్డియన్ అంటే నాకు ఇప్పటికీ ఆ అడ్డం పెట్టిన గరిటే. నాకు ఆమె నిజాయితీ నేర్పలేదు, ఆ ఇంట్లో అది నేర్పే పరిస్థితి కూడా లేదు. నాకు ఎంత పడుతోందో చూసింది.

ఇక్కడితో ఆపితే నేను మంచిదాన్ని, అక్క అబద్ధాలకోరు అన్నట్టు ఉంటుంది. కానీ పెద్దమ్మ చివరి మూడేళ్ళూ మంచంలో ఉంటే చూసుకుంది అక్కే. రోజూ పొద్దున్న ముఖం తుడుస్తూ, "నిన్నటి మీద ఇవాళ తేటగా ఉన్నావమ్మా, ఉగాదికి లేచి తిరుగుతావు" అనేది. డాక్టరు ఏమన్నాడో ఇద్దరం విన్నాం. నేను వెళ్ళినప్పుడు ఆ మాట నా నోటికి వచ్చేది కాదు, కిటికీ వైపు చూసేదాన్ని. పెద్దమ్మ అక్క ముఖమే చూసేది. నిజాయితీ గడిలో అక్కకి ఎన్ని నక్షత్రాలు వెయ్యమంటారు?

అలా పంపితే మాట కూడా మారుతుంది. గార్డియన్ భాష, మతం వేరైతే పిల్లలు అటు తిరిగిపోయే వీలు ఆటలో ఉంది. నేను మొదటి దసరా సెలవులకి ఇంటికి వెళ్తే మా అమ్మ రెండు నిమిషాలు విని, "ఏందే, రేడియోల మాట్లాడినట్టు మాట్లాడుతున్నవ్" అంది. వేంగి రాజరాజనరేంద్రుడి కొడుకు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు, తల్లి చోళుల ఆడపడుచు. ఇంటికి వచ్చినప్పుడల్లా అతన్ని కూడా ఎవరో ఒకరు ఇలాగే అని ఉంటారని నా ఊహ. చరిత్రకారులు క్షమించాలి.

మా వాడి వాదన

ఇదంతా వాడికి చెప్పాను. పెద్దమ్మ సంగతి కాదు, ధర సంగతి. వాడు చాలాసేపు విని, "అత్తమ్మా, నువ్వు ఆటని చాలా మంచి చేసి చెబుతున్నావ్" అన్నాడు. తర్వాత వేళ్ళు మడిచి లెక్క చెప్పాడు. పదేళ్ళు గొప్ప గురువు దగ్గర కూర్చోబెట్టి నాలుగో మెట్టు తెప్పిస్తే వచ్చేది ఒక నైపుణ్యంలో +8. జీనియస్‌గా పుడితే ఐదు నైపుణ్యాల్లోనూ తలా +5, మొత్తం పాతిక. "అందుకే అందరూ పెళ్ళిళ్ళు చూసి చేస్తారు, చదువులు కాదు. నువ్వు కూడా."

నేను కూడా. నిజమే. మా రాజవంశంలో ఐదు తరాల పాటు కోడళ్ళని తెలివి చూసి తెచ్చాను. ఒకడు మందకొడిగా పుడితే వాడికి సన్యాసం ఇప్పించి మఠానికి పంపాను, వారసత్వం పక్కకి జరగాలి కదా. పశువుల సంతలో పళ్ళు చూసినట్టు పిల్లల్ని చూశాను. అప్పుడు సిగ్గు కూడా పడలేదు. ఆటకి ఈ మురికి ఉంది. పుట్టుకకి అంత బలం ఇచ్చాక పెంపకం గురించి ఎంత సున్నితంగా చెప్పినా వంద చెంబుల పాలలో విషం చుక్క పడ్డట్టే.

వాడు ఇంకో మాట అన్నాడు. ఆటలో ఒక గార్డియన్ దగ్గర మామూలుగా ఇద్దరే పిల్లలు ఉండాలి. ఆస్థానంలో అందరికంటే మంచి గురువుని ఎవరికి ఇస్తాం? వారసుడికి. రెండోవాడికి మిగిలినవాళ్ళలో మంచివాడు. నాలుగోవాడి గురువు ఎవరో చూడను కూడా చూడం. "మా కాలేజీలో కూడా అంతే అత్తమ్మా. వీక్లీ టెస్టు ర్యాంకుని బట్టి సెక్షన్లు. పై సెక్షన్‌కి మంచి లెక్చరర్లు. నేను రెండు వారాల కింద కిందికి వచ్చాను. నేనిప్పుడు నాలుగో కొడుకుని." నవ్వుతూనే అన్నాడు. ఆ సెక్షన్ సంగతి ఇంట్లో మొదటిసారి చెప్పడం అదే. మా అన్నకి ఇంకా తెలీదు. ఈ పోస్టు చదివితే తెలుస్తుంది. వదినా, వాడిని ఏమీ అనకండి.

ఆ సాయంత్రం వాడితో వాదించడం ఆపేశాను. కానీ నా అభిప్రాయం మారలేదు. వాడు చెప్పిందంతా నైపుణ్యం గురించి. పుట్టుక, గురువు, సెక్షన్, ర్యాంకు, అన్నీ అక్కడివే. అక్కడ అన్యాయం ఉంది, ఆటలోనూ ఉంది, అమీర్‌పేటలోనూ ఉంది. స్వభావం ఖాతా అది కాదు. జీనియస్ కూడా పిరికివాడు కావచ్చు, పిరికివాడైతే ధైర్యం చేసిన ప్రతిసారీ అతనికీ ధర పడుతుంది. కార్డు చేసిన తప్పు ఈ రెండు ఖాతాలనూ కలిపెయ్యడం. భిన్నాలు రాకపోవడం, స్టేజీ ఎక్కకపోవడం దాని దృష్టిలో ఒకే రకం లోటు. రెంటికీ అదే మందు, "వర్క్ చేయించండి."

మా ఊరి పక్కన చందుపట్లలో ఒక శాసనం ఉంది, 1289 నాటిది. రుద్రమదేవి మరణం గురించి తెలిసింది దాని వల్లే. తండ్రి గణపతిదేవుడు ఆమెని రాజ్యానికి తయారుచేశాడు, శాసనాల్లో రుద్రదేవ మహారాజు అనే మగపేరుతో ఉంటుంది. ఆ చదువు ఫలించిందని అందరికీ తెలుసు. ఆ పేరు మోయడం ఆమెకి ఎంత పడిందో ఏ శాసనమూ చెప్పదు. శాసనాలు కూడా ప్రోగ్రెస్ కార్డుల్లాంటివే, ముందు పేజీ మాత్రమే రాస్తారు.

నాకే తేలనివి

ధర చూడాలి, ధర చూడాలి అంటున్నాను గానీ, అందులో ఒక ముల్లుంది. ఆటలో శాడిస్టు స్వభావం ఉన్నవాడు మనుషుల్ని హింసిస్తే వాడికి ఒత్తిడి తగ్గుతుంది. ధర పడకపోవడమే కాదు, ఎదురు లాభం. అంటే సులువుగా వచ్చిందంతా మన స్వభావం, దాన్ని గౌరవించాలి అనుకుంటే వాడినీ గౌరవించాలి. అటు నుంచి చూస్తే, కష్టపడి నిజం చెప్పేవాడు గొప్పా, నిజం తప్ప నోట రానివాడు గొప్పా? చిక్కడపల్లి ఫోన్ దగ్గర నేను నిజం చెప్పలేదు కదా. చెవులు కాలాయి, అంతే. అబద్ధం అయితే చెప్పాను. చిట్టీల అతనికి నా చెవుల వల్ల ఒరిగిందేమీ లేదు.

ఇంకోటి, ఆట మనిషిని త్వరగా గడ్డకట్టిస్తుంది. పదహారు దాటాక ఏదో పెద్ద సంఘటన జరిగితే తప్ప ఆ మూడు స్వభావాలే చచ్చేదాకా. సిగ్గరి అంటే విందులోనూ సిగ్గరే, పడకగదిలోనూ సిగ్గరే, యుద్ధభూమిలోనూ సిగ్గరే. మనుషులు అలా ఉండరు. ఉదాహరణ మా ఇంట్లోనే ఉంది. స్టేజీ అంటే స్తంభం వెనక్కి వెళ్ళే ఈ పిల్ల, సాయంత్రం ఆరయితే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పదకొండు మంది పిల్లలకి క్రికెట్ నడుపుతుంది. మొన్న బట్టలు తీసుకురావడానికి దిగినప్పుడు చూశాను. మూడో పిల్లర్‌కి తగిలితే రెండు పరుగులు, వాచ్‌మన్ స్కూటీకి తగిలితే ఔట్. తనకంటే రెండేళ్ళు పెద్దవాడు ఔట్ కాదని బ్యాటు వదలకుండా నిలబడ్డాడు. ఇది అరవలేదు. వెళ్ళి వికెట్లుగా పెట్టిన నీళ్ళ డబ్బా ఎత్తి చంకలో పెట్టుకుని నిలబడింది. వికెట్ లేకుండా ఆట ఎలా? వాడు బ్యాటు ఇచ్చేశాడు. డబ్బా మళ్ళీ పెట్టింది. మొత్తం మీద ఒక్క మాట మాట్లాడలేదు.

ఆట నిజానికి దీనికి కొంచెం చోటిచ్చింది. బాల్య లక్షణం వేరు, స్వభావం వేరు కాబట్టి పెత్తనం చేసే పిల్ల సిగ్గరి కూడా కావచ్చు. పదహారు దాటగానే ఆ పెత్తనం చీటీ మాత్రం ఊడిపోతుంది. మా పాపకి ఊడకూడదని నా కోరిక. టీచరమ్మని కూడా అనలేను. ఒక్కో క్లాసులో నలభై మంది, ఒక్కొక్కరికి ఐదు గళ్ళు, రెండొందల గళ్ళు నింపాలి ఆమె, శుక్రవారం సాయంత్రానికి. నేనైనా రెండే వేసేదాన్నేమో.

ఆ షై యువరాజుని మా వాడు పాత సేవ్ లోడ్ చేసి, అంటే ఆటని వెనక్కి తిప్పి, మార్చేస్తాడనుకున్నాను. మార్చలేదు. నాతో వాదించినందుకు పంతమేమో. ఆదివారం రాత్రి చూస్తే కుర్రాడు రాజయ్యాడు. పాప పక్కన చేరి చూస్తోంది. వాడు విందు పెట్టబోతుంటే, "వాడికి సిగ్గు కదా బావా, మళ్ళీ ఎందుకు పిలుస్తున్నావ్ అందర్నీ?" అని అడిగింది. సామంతులు కోపంగా ఉన్నారు, పిలవక తప్పదు అన్నాడు వాడు. పాప బటన్ మీద చూపించిన ఒత్తిడి అంకె చదివింది. "అయితే చిన్న పని చెయ్యి. ఏడాదికి ఒక్కసారే పిలువు. తర్వాత వేటకి పంపు, మెల్లగా తగ్గుతుంది." వాడు దానివైపు ఒకసారి చూసి, అలాగే చేశాడు.

సోమవారం పొద్దున్న కార్డు మీద సంతకం పెట్టాలి. కింద "తల్లిదండ్రుల అభిప్రాయం" అని రెండు గీతల చోటు ఉంది. పెన్ను తీసి, "సాయంత్రం ఆరింటికి ఒకసారి మా సెల్లార్‌కి రండి" అని రాశాను. మా ఆయన షూ లేసులు కట్టుకుంటూ చదివి, "ఇదేం రాత? వైట్‌నర్ ఉందా ఇంట్లో?" అన్నాడు. లేదు. ఈలోపు కింద స్కూల్ వ్యాన్ హారన్ కొట్టింది, పాప కార్డు లాక్కుని మెట్ల మీంచి పరిగెత్తింది.